అరికెలకూ ఓ ధర

బిలాస్‌పూర్–కట్నీ రైలు మార్గంలో కర్గీ రోడ్ స్టేషన్ ఉన్న ఊరు కోటా. ఈ ప్రాంతంలో 'కోదో' అనేవి మన అరికెలే.

కేంద్ర మద్దతు ధరల జాబితాలో అరికెలు లేవు. అందుకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2021లో మిల్లెట్ మిషన్ ప్రారంభించి, క్వింటాలు 3,000 రూపాయలకు కొనడం మొదలుపెట్టింది.

మరి వరి సంగతి? 2023-24 ఖరీఫ్‌లో సాధారణ రకానికి కేంద్రం 2,183 రూపాయలు ప్రకటిస్తే, రాష్ట్రం 917 కలిపి ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు 3,100 చొప్పున ఇచ్చింది. అంటే ఎకరాకు అదనంగా 19,257 రూపాయలు! అరికెల దిగుబడి తక్కువ. ఇక రైతు ఏది వేస్తాడు?

ఏ పంటకు భరోసా ఉంటే పొలం అటే మొగ్గుతుంది. ధరతోపాటు తినేవాళ్లూ ఉండాలి. పంట రుణాలిచ్చే మన ఇళ్లలో వారానికో పూట అరికెల అన్నం వండుకుందాం.