కొత్త కారు - కందెన సంగతులు

“కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం” అన్నారు మన పెద్దలు. ఎద్దుబండి ఇరుసుకి ఆముదంలో గడ్డిమసి కలిపి రాసిన రోజుల్లో ఆ సంగీతం బండివాడికి ముందుగానే వినిపించేది. నేటి కారు ఇంజను అట్లా కాదు, చప్పుడు చెయ్యకుండానే అరుగుతుంది. మోత చెవిన పడేసరికి బేరింగులు పాడైవుంటాయి.

మెకానికల్ శాఖలో పాఠం చెప్పేవాణ్ణి గనుక, మన కళాశాలలో ఎవరు కొత్త కారు కొన్నా నన్నడిగే మొదటి ప్రశ్న “ఏ ఆయిలు పోయించమంటారు మాష్టారూ?” అనే. బ్యాంకు అప్పుతోనో, ప్రావిడెంటు ఫండు సొమ్ముతోనో కొన్న బండి అది. కాబట్టి ఆ ప్రశ్నకు కారణాలతో సహా ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ఆయిలు చేసే పనులు

రాపిడి తగ్గించటం ఒక్కటే దాని పని కాదు. క్రాంకుషాఫ్టు తిరిగేటప్పుడు దానికీ బేరింగుకీ మధ్య ఆయిలు పలచని పొరగా నిలిచి, లోహం లోహాన్ని తాకకుండా కాస్తుంది. పిస్టన్ల నుంచి వేడిని లాగుతుంది. రింగుల సందులు మూస్తుంది. తుప్పు పట్టనివ్వదు. మసిని తనలో తేలేట్టు పట్టి ఉంచి, పెద్ద నలుసుల్ని ఫిల్టరుకి అప్పగిస్తుంది. అందుకే వాడిన ఆయిలు నల్లబడుతుంది. నల్లబడినంత మాత్రాన చెడిపోయిందని అనుకోనక్కరలేదు. కానీ పాలు కలిపిన కాఫీ రంగులోకి వస్తే మాత్రం అందులో నీరు చేరిందని అర్థం. అప్పుడు వెంటనే చూపించాలి.

డబ్బా మీది అంకెలు

ఆయిలు చిక్కదనాన్ని మన పాఠ్యపుస్తకాల్లో స్నిగ్ధత అంటాం. దాన్నిబట్టి అమెరికాలోని ఎస్.ఏ.ఇ. సంఘం 1911లో మొదలుపెట్టిన వర్గీకరణే నేటికీ మార్పులతో నడుస్తోంది. 0డబ్ల్యూ-20 అని ఉందనుకోండి. ‘డబ్ల్యూ’ అంటే వింటరు, శీతాకాలం. దాని ముందు అంకె ఎంత తక్కువైతే చల్లగా ఉన్నప్పుడు ఆయిలు అంత సులువుగా పారుతుంది. వెనుక అంకె 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరి చిక్కదనం. 20 రకానిది 6.9 నుంచి 9.3 సెంటీస్టోకుల లోపు, 40 రకానిది 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి.

రెండోది ఏ.పి.ఐ. గుర్తు. ‘ఎస్’తో మొదలైతే పెట్రోలు ఇంజన్లకు, ‘సి’తో మొదలైతే డీజిలుకు. రెండో అక్షరం ముందుకు పోయినకొద్దీ ప్రమాణం కొత్తది. ‘ఎస్.ఎన్.’ 2010లో వస్తే ‘ఎస్.పి.’ 2020లో వచ్చింది. పొగగొట్టంలో మసి వడపోత ఉన్న బి.ఎస్.-6 డీజిలు కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేకమైన ఆయిలు కావాలి. మామూలుది పోస్తే ఆ వడపోత క్రమంగా పూడుకుపోతుంది.

మన ఎండలకి చిక్కటి ఆయిలా?

“మనవైపు ఎండలు జాస్తి సార్, పలచటిది ఆగదు, 20డబ్ల్యూ-40 పోయిద్దాం” అనే మాట షెడ్డుల్లో తరచు వింటాం. పాత ఇంజన్లతో చేయి తిరిగినవాళ్ళ మాట అది, దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఆలోచించండి. రామగుండం ఎండలోనైనా, లంబసింగి చలిలోనైనా ఇంజనులో నీళ్ళ వేడిని థర్మోస్టాటు 90 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంచుతుంది. ఆయిలు కూడా ఆ దాపులకే చేరుతుంది. బయటి ఎండ తేవగల తేడా స్వల్పం. నేటి ఇంజన్లలో సందులు, పంపు, వాల్వుల కాలాన్ని మార్చే ఏర్పాటు అన్నీ ఫలానా చిక్కదనాన్ని లెక్కలో పెట్టుకుని చేసినవి. చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు పైభాగాలకు ఆయిలు ఆలస్యంగా అందుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మాన్యువల్లో వాతావరణాన్నిబట్టి పట్టిక ఇచ్చివుంటే దాన్ని పాటించండి. లేదా, అందులో రాసిన గ్రేడే మన గ్రేడు. కంపెనీ పేరుకన్నా ఈ రెండు గుర్తులే ముఖ్యం.

ఎప్పుడు మార్చాలి?

నేటి చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది. ఈ చివరి మూడు మాటల్నే జనం మరిచిపోతారు. నాకు తెలిసిన ఒక రిటైర్డు గుమాస్తాగారు బజారుకీ గుడికీ తప్ప కారు తీయలేదు. రెండేళ్ళయినా మీటరు 6,000 దాటలేదు, ఆయిలూ మార్పించలేదు. చివరికి మూత తీస్తే లోపలంతా తారులాంటి మడ్డి! వారంటీ కింద బాగుచెయ్యమంటే, ఏడాది గడువు దాటిందని కంపెనీవారు కాదన్నారు. పాపం, పింఛను సొమ్ములోంచి కట్టుకోవలసివచ్చింది.

దీనికి కారణం ఉంది. మూడు కిలోమీటర్ల ప్రయాణంలో ఆయిలు పూర్తిగా వేడెక్కదు. అందులో చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు బయటికి పోవు. వాటితో ఆమ్లాలు, మడ్డి పుడతాయి. కాబట్టి తక్కువ తిరిగే బండికి క్యాలెండరే మీటరు. దుమ్ము రోడ్లు, ట్రాఫిక్కులో గంటల తరబడి నడక, బరువు లాగటం ఉంటే గడువు ఇంకా తగ్గించమని మాన్యువల్లోనే ఉంటుంది. ఇక 1,000 కిలోమీటర్ల మొదటి సర్వీసులో ఆయిలు మార్చాలా అంటారా? ఇప్పటి చాలా కార్లకు అక్కడ తనిఖీ మాత్రమే. మార్చమని మాన్యువల్ చెబితేనే మార్చండి.

మార్చేటప్పుడు

ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిలు బాగా కారుతుంది. ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు వాషరు కొత్తవి వేయించండి. చిన్న కార్లకు మూడు, మూడున్నర లీటర్లు పడుతుంది. సీలు మీ ఎదుటే తీయించండి. బండిని చదును నేలమీద నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషాలాగి గేజి పుల్ల తీసి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటితే క్రాంకు చిలికి నురగ పుడుతుంది, నురగకు పొరగా నిలిచే శక్తి లేదు. బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు, గ్రేడు రాయించి భద్రపరచండి. రేపు వారంటీ విషయంలో అదే మీ సాక్ష్యం.

చివరగా మన వర్కుషాపు విద్యార్థులకు ఒక మాట. వాడిన ఆయిలును 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా లెక్కించాయి. దాన్ని కాలువలో పారబొయ్యకండి, కలప చెదలకు పుయ్యకండి, చేతులకు అంటితే సబ్బుతో కడుక్కోండి. డబ్బాలో పట్టి, శుద్ధిచేసే అనుమతి ఉన్నవారికి చేరేట్టు చూడండి. మన ఇంజను బాగుండాలని మార్చిన ఆయిలు ఊరివాళ్ళ మంచినీళ్ళలో కలవకూడదు గదా!