తల్లిలేని మేకపిల్ల మందలో కలవాలంటే

తల్లి చనిపోయిన మేకపిల్లను సీసాపాలతో సాకుతున్నారా? పుట్టిన గంటలోపే, అప్పుడే ఈనిన మరో మేక ముర్రుపాలు పట్టండి. తర్వాత 2 కిలోల పిల్లకు రోజుకు 200 నుంచి 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, నాలుగైదుసార్లుగా ఇవ్వండి.

అది మీ వెంటే తిరుగుతుంటే ముచ్చటే. కాని ఇంట్లో ఒంటరిగా పెరిగిన పిల్లను పెద్ద మేకలు కుమ్ముతాయి, మేత దగ్గరికి రానివ్వవు. అందుకే మొదటినుంచే మరో పిల్లను జతగా ఉంచండి. కొన్నాళ్లు దడి ఇవతలినుంచి మందను చూడనివ్వండి. ఆపై రోజూ కాసేపు, మీరు దగ్గరుండి, ఈడు పిల్లలతో వదలండి. మేత రెండు మూడు చోట్ల వేయండి.

పోతుపిల్లతో తలకుమ్ములాట ఆడవద్దు. ఎదిగాక మనుషులను పొడుస్తుంది.

ఒకనాడు అది మిమ్మల్ని వదిలి మంద వెంట మేతకు పోతుంది. నొచ్చుకోకండి, మీరు సాకింది అందుకే.