“డిస్‌అగ్రీ” యను క్రియాపదమును గూర్చి

ఇంగ్లీషు వ్రాయునప్పుడు మన విద్యార్థులను మోసగించునవి పెద్దపదములు కావు. పెద్దపదము కనబడిన వెంటనే నిఘంటువు తెఱతురు. చిన్నపదము తెలిసినదే యని యేమరుదురు. అట్టి చిన్నపదములలో “డిస్‌అగ్రీ” యొకటి. ఏకీభవింపకుండుట, భిన్నాభిప్రాయము గలిగియుండుట యని దీని యర్థము. వ్యాసపుస్తకములు దిద్దునపుడు మా యెఱ్ఱసిరాకు ఈ పదము తఱచుగా పని కల్పించుచున్నది.

మొదట రూపమును గూర్చి. “ఐ యామ్ డిస్‌అగ్రీ” యని వ్రాయువారు కలరు. “నాకు సమ్మతము కాదు” అను తెలుగు వాక్యము మనస్సున నుండుటచే, ఇదియు “సమ్మతము” వంటి నామపదమే యని వారి భ్రమ. ఇది క్రియ; “ఐ డిస్‌అగ్రీ” యన్న చాలును. “విభేదించుచున్నాను” అను మాటను బట్టి “ఐ యామ్ డిస్‌అగ్రీయింగ్” అనుటయు సామాన్యముగా సాధువు కాదు. తెలియుట, నమ్ముట మొదలగు మనస్స్థితులను దెలుపు క్రియలవలె ఇదియు ప్రాయికముగా “ఇంగ్” రూపము నొల్లదు.

ఇక విభక్తులకు బదులుగా నుండు చిన్నమాటల సంగతి. చిక్కంతయు నిచ్చటనే యున్నది. మనుష్యునితోగాని, అతని యభిప్రాయముతోగాని విభేదించినచో “విత్” రావలెను: “ఐ డిస్‌అగ్రీ విత్ మై బ్రదర్”, “ఐ డిస్‌అగ్రీ విత్ హిజ్ ఒపీనియన్”. ఏ విషయమున విభేదము కలిగెనో చెప్పుటకు “ఎబౌట్”, “ఆన్”, “ఓవర్” అనునవి కలవు: “ది బ్రదర్స్ డిస్‌అగ్రీ ఎబౌట్ ది ప్రైస్ ఆఫ్ ది బుల్లక్స్”. మన “తో” విభక్తి “విత్” అనుదానికి సరిపోవును గాన, “నీతో ఏకీభవింపను” అని తలచుకొన్నవాడు తప్పు వ్రాయడు. “నీ మాటను అంగీకరింపను” అని తలచుకొన్నవాడు “ను” వర్ణకమునకు లోబడి “ఐ డిస్‌అగ్రీ యువర్ వర్డ్” అని వ్రాయును. “దానికి ఒప్పుకొనను” అని తలచుకొన్నవాడు “కి” ప్రత్యయమును బట్టి “టు” చేర్చును.

ఈ “టు” మిక్కిలి మోసకారి. “ఐ అగ్రీ టు యువర్ ప్రపోజల్” అనుట సాధువే కదా, దాని వ్యతిరేకమున “డిస్‌అగ్రీ టు” అననేల కూడదని తెలివిగల బాలురు ప్రశ్నింతురు. మంచి ప్రశ్నయే. అమెరికా శాసనసభలలో ఒక సభ వారు రెండవ సభ వారి సవరణను ద్రోసిపుచ్చునపుడు “డిస్‌అగ్రీ టు” అనియే తీర్మానించుకొందురు. అది శాసనసభల పరిభాష; మన వాక్యములకు మాదిరి కాదు. మనము “ఐ డు నాట్ అగ్రీ టు ఇట్” అనవలెను, లేదా “రిఫ్యూజ్” అను క్రియను వాడవలెను.

ఇంతకును “ఒప్పుకొనడు” అను మన మాట మూడు పనులు చేయును. అభిప్రాయము కలియనివాడు ఒప్పుకొనడు. పని చేయ నిరాకరించువాడు ఒప్పుకొనడు. నేరము మోపబడినవాడు ఒప్పుకొనడు. ఇంగ్లీషున మొదటివాడు “డిస్‌అగ్రీస్”, రెండవవాడు “రిఫ్యూజెస్”, మూడవవాడు “డినైస్”. ఈ భేదము పరీక్షకు మాత్రమే కాదు. పన్ను లెక్కలో తప్పున్నదని చెప్పదలచిన రైతు పక్షమున అర్జీ వ్రాయు బాలుడు “హి డిస్‌అగ్రీస్ టు పే” అని వ్రాసెనేని, చదువు అధికారికి లెక్క తప్పని తోపదు, రైతు పన్ను కట్టనన్నాడని తోచును. “హి డిస్‌అగ్రీస్ విత్ ది అమౌంట్” అని వ్రాసిన, లెక్క మరల చూడవలసివచ్చును.

తినుబండారముల విషయమున ఈ క్రియకు వేఱొక యర్థము కలదు. “మాంగోస్ డిస్‌అగ్రీ విత్ మీ” యనగా మామిడిపండ్లు నాకు పడవు, తినిన జబ్బుచేయును అని భావము. ఇచట కర్త మామిడిపండ్లు. మేమెఱిగిన యొక బాలుడు వసతిగృహమున నుండి, ఇంగ్లీషుననే లేఖలు వ్రాయవలెనను తండ్రి యాజ్ఞ మేరకు, “ఐ డిస్‌అగ్రీ విత్ ది హాస్టల్ ఫుడ్” అని వ్రాసెను. ఇచటి భోజనము నాకు పడుటలేదని అతని తలంపు. మూడు దినములనుండి విరేచనములతో బాధపడుచుండెను. తండ్రిగారు ఇంగ్లీషు బాగుగా నెఱిగినవారగుటచే, కుమారుడు భోజనమునకు వంకలు పెట్టుచున్నాడని తలచి, పెట్టినది తిని చదువుకొనుమని మందలించిరి. వైద్యుని యొద్దకు గొనిపోవునప్పటికి బాలుడు లేవలేని స్థితిలో నుండెను. “ది హాస్టల్ ఫుడ్ డిస్‌అగ్రీస్ విత్ మీ” యని వ్రాసియుండిన, తండ్రి ఆనాడే బయలుదేరియుండెడివారు. ఆ బాలుడు మందబుద్ధి కాడు. “నాకు తెలియును”, “నాకు కావలెను” అను వాక్యములలోని “నాకు” అనునది ఇంగ్లీషున “ఐ” యగునని మేమే నేర్పుదుము. “నాకు పడదు” అనుచోట మాత్రము అది “ఐ” కాదు, “మీ” యగును.

“వారిద్దరికి పడదు” అను మాట మఱియొకటి. అది వైరము. “దె డిస్‌అగ్రీ” యన్నంతమాత్రమున వైరము లేదు. ప్రాణస్నేహితులును డిస్‌అగ్రీ కావచ్చును. వెస్లీ, వైట్‌ఫీల్డ్ అను బోధకులు దైవసంకల్పమును గూర్చి యావజ్జీవము విభేదించినవారు. వైట్‌ఫీల్డ్ 1770లో మరణింపగా, ఆయన కొఱకు ప్రసంగము చేసినవాడు వెస్లీయే; “అగ్రీ టు డిస్‌అగ్రీ” యను పదబంధము ఆ ప్రసంగమున కనబడుచున్నది. దీనిలోని “టు” విభక్తి వంటిది కాదు, తరువాతి క్రియకు చేరినది.

ఈ పదమునకు మూలము “ఇష్టమైనది” అను నర్థము గల లాటిను మాట. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు వచ్చినది. కావుననే “డిస్‌అగ్రీయబుల్” అనగా భిన్నాభిప్రాయము గలవాడని కాక, ఇంపు గొలుపనివాడని యర్థము. వక్తృత్వసభలో ఎదుటిపక్షము వారిని “మై డిస్‌అగ్రీయబుల్ ఫ్రెండ్” అని సంబోధించు బాలురు దీనిని గమనింతురుగాక. పెద్దలతో మాటలాడునపుడు ఒట్టి “ఐ డిస్‌అగ్రీ” కొంత కటువుగా వినబడును. “ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ కెనాట్ అగ్రీ” యనుట మర్యాద. బిడ్డ ఇంట నిట్లన్నచో తలిదండ్రులు దానిని ధిక్కారముగా నెంచవలదని మనవి.

విద్యార్థులారా, ఈ మూడు వాక్యములను సరిదిద్ది, తప్పునకు కారణమైన తెలుగు వాక్యమును ప్రక్కనే వ్రాసి తెండు: “మై ఫాదర్ డిస్‌అగ్రీడ్ టు సెల్ ది ల్యాండ్.” “ఐ డిస్‌అగ్రీ విత్ బ్రింజాల్, ఇట్ గివ్స్ మీ ఇచింగ్.” “ది బాయ్ డిడ్ నాట్ డిస్‌అగ్రీడ్ ది టీచర్.”