గాలిమర: చేయుటయా? కొనుటయా?

ఆషాఢమాసము వచ్చినంతనే హైదరాబాదు నగరమున గాలి రూపు మారును. పడమటినుండి వీచు ఆ గాలికి యూసుఫ్‌గూడ మిద్దెలపై ఆరవేసిన బట్టలు త్రాళ్ళతో గూడ ఎగురును. బోనాల పండుగకు కట్టిన వేపమండల తోరణములు రాత్రింబవళ్ళు గలగలలాడును. ఇట్టి దినములలోనే చదువుకొను బాలురకు ఒక ఆలోచన కలుగుచుండును. ఇంత గాలి వృథాగా పోవుచున్నదే! ఇంటిపై ఒక చిన్న గాలిమరను నిలిపినచో దీపములకు చాలినంత విద్యుత్తు రాదా? వెంటనే రెండవ ప్రశ్న పుట్టును. ఆ మరను స్వయముగా చేసికొనవలెనా, అంగడిలో కొనవలెనా?

ఈ రెండవ ప్రశ్న ఆ పేటకు వింత కాదు. 1960లో ఢిల్లీలో స్థాపింపబడి 1962లో హైదరాబాదునకు తరలివచ్చిన చిన్నపరిశ్రమల శిక్షణసంస్థ యూసుఫ్‌గూడలోనే కలదు. నేడు దానిని జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ యందురు. ఏ వస్తువును తానే చేసికొనిన లాభము, దేనిని కొనిన లాభము అను లెక్క చిన్నపరిశ్రమ నడుపు ప్రతివానికిని నిత్యకృత్యము. గాలిమర విషయమున మాత్రము అంతకు ముందు చూడవలసిన లెక్క వేరొకటి యున్నది. అది గాలి లెక్క.

గాలి వేగము రెట్టింపైనచో అందలి శక్తియు రెట్టింపగునని పలువురు తలంతురు. అది పొరపాటు. శక్తి ఎనిమిది రెట్లగును. రెండు మీటర్ల వ్యాసముగల రెక్కల చక్రమును దృష్టాంతముగా గైకొందము. గాలి సెకనునకు 12 మీటర్ల వేగముతో వీచునపుడు ఆ మర సుమారు 1,000 వాట్ల విద్యుత్తు నీయగలదు. వేగము 6 మీటర్లకు తగ్గినచో 125 వాట్లే వచ్చును. 3 మీటర్లకు దిగినచో వచ్చునది 15 వాట్లు. అది ఒకటి రెండు ఎల్.ఇ.డి. దీపములకు సరి. అమ్మువారు మరపై '1 కిలోవాటు' అని వ్రాయుట అసత్యము కాదు. కాని ఆ అంకె సామాన్యముగా సెకనునకు 11, 12 మీటర్ల గాలికి, అనగా గంటకు సుమారు 40 కిలోమీటర్ల గాలికి, చెప్పబడినది. అట్టి గాలి హైదరాబాదులో ఏ గాలివాననాడో వీచునుగాని నిత్యము వీచునది కాదు. ఆషాఢ శ్రావణములు గడచి కార్తికము వచ్చుసరికి ఆకు కదలని దినములు అనేకములు.

చేసిన మరయైనను, కొన్న మరయైనను ఈ నియమమును దాటజాలదు. గాలిలోని శక్తిలో నూటికి 59.3 పాళ్ళకు మించి ఏ మరయు గ్రహింపజాలదని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్టు బెట్జ్ 1919లోనే లెక్కగట్టి చూపెను. చిన్నమరలు అందు సగము గ్రహించిన మేలే.

స్వయముగా చేసికొన్నవారి చరిత్ర మిక్కిలి ఆసక్తికరమైనది. ఆఫ్రికాఖండమందలి మలావీ దేశమున విలియం కామ్‌క్వాంబా అను బాలుడు, క్షామమువలన బడి మానవలసివచ్చిన కాలమున, గ్రంథాలయములోని పుస్తకమును చూచి 2002లో ఒక గాలిమరను నిర్మించెను. పాత సైకిలు, ట్రాక్టరు పంకా, సైకిలు డైనమో - ఇవియే అతని సామగ్రి. ఇంట దీపములు వెలిగెను. స్కాట్లండులోని స్కొరెయిగ్ అను మారుమూల తావున హ్యూ పిగట్ అను నతడు 1970వ దశకమునుండి ఇట్టి మరలను చేయుచు, ఎవరైనను చేసికొనునట్లు కొలతలతో పుస్తకములు ప్రకటించెను. ఆ పద్ధతిలో కొయ్యతో రెక్కలు చెక్కుదురు. గుండ్రని ఇనుపరేకులపై అయస్కాంతముల నమర్చుదురు. రాగితీగ చుట్టలను రెసినులో పోతపోయుదురు. ఇదియంతయు మోటారుబండి చక్రపు బేరింగుపై తిరుగును. హైదరాబాదులో ఈ సామగ్రి దుర్లభము కాదు. రాణీగంజు అంగళ్ళలో గొట్టములు, బోల్టులు, బేరింగులు దొరకును. మోటారు వైండింగు చేయువారును, వెల్డింగు చేయువారును ప్రతి పేటయందును కలరు.

అయినను తొందర పనికిరాదు. ఇంట పడియున్న పాత పంకాను గాలికి త్రిప్పినచో విద్యుత్తు వచ్చునని తలంచు బాలురు కలరు. రాదు. పాతరకపు పంకా మోటారులో శాశ్వతాయస్కాంతములుండవు. కారు ఆల్టర్నేటరును తెచ్చి బిగించువారును కలరు. అది నిమిషమునకు వేయి చుట్లకు పైగా తిరిగిననే పనికివచ్చును. పైన చెప్పిన రెండు మీటర్ల చక్రము 3 మీటర్ల గాలిలో నిమిషమునకు సుమారు 170 చుట్లు మాత్రమే తిరుగును. అందుచేతనే నెమ్మదిగా తిరిగినను విద్యుత్తు నిచ్చు యంత్రమును ప్రత్యేకముగా చుట్టవలసివచ్చును.

మరను త్రిప్పుటకంటె ఆపుట కష్టము. రెక్కల కొనలు గాలివేగమునకు ఆరురెట్ల వేగముతో పరుగెత్తును. 12 మీటర్ల గాలిలో ఆ వేగము గంటకు సుమారు 260 కిలోమీటర్లు! అట్టి సమయమున బ్యాటరీ తీగ ఊడినచో, భారము లేని మర మరింత విజృంభించును. రెక్క విరిగి ఎగిరిపోవచ్చును. యూసుఫ్‌గూడ సందులలో ఒక మిద్దెనుండి చేయి చాచిన పక్కమిద్దె అందును. పొరుగు డాబాపై వడియములు పెట్టుకొను ముసలమ్మకు ఆ మర చేసినవాని తెలివితేటలతో పని లేదు. ఆమె తల క్షేమముగా నుండవలెను. కావుననే మంచి మరలో చక్రమును గడకు కొంచెము ప్రక్కగా బిగించి, తోకను కీలుపై నిలుపుదురు. గాలి మించినపుడు చక్రము తనంతట తానే ప్రక్కకు తిరిగి నెమ్మదించును.

కొనుమరలో ఇట్టి ఏర్పాటు ముందే యుండవలెను. చిన్నమరల కట్టడికిని భద్రతకును అంతర్జాతీయ ప్రమాణము కలదు. మన దేశమున, 1998లో చెన్నైలో నెలకొల్పబడి నేడు జాతీయ పవనశక్తి సంస్థయని పిలువబడు సంస్థ, తమిళనాడులోని కాయత్తారు క్షేత్రమున చిన్నమరలను పరీక్షించును. కొనువారు ముందు అడుగవలసినది ధర కాదు, పరీక్షాపత్రము. 3, 4, 5 మీటర్ల గాలిలో ఎంత విద్యుత్తు వచ్చునో అందు చూడవలెను. ఇక ఐదారేండ్లకు బేరింగు అరిగినపుడు అమ్మినవారు అందుబాటులో నుందురా? స్వయముగా చేసినవానికి ఈ చింత లేదు. మరలోని ప్రతి బోల్టు వానికి పరిచితమే.

అయితే యూసుఫ్‌గూడ మిద్దెపై ఏది తగును? కరెంటు బిల్లు తగ్గించుటయే కోరికయైనచో రెండును తగవు. చుట్టును 300 అడుగుల లోపలనున్న ఇండ్లకంటెను చెట్లకంటెను రెక్కలు 30 అడుగులైనను పైనుండవలెనని నిపుణులు చెప్పుదురు. ఆ పేటలో అది సాధ్యము కాదు. మిద్దెలను తాకిన గాలి సుడులు తిరుగును. సుడిగాలిలో మర తల త్రిప్పుకొనుచుండునే గాని పని చేయదు. 2007-2008 సంవత్సరములలో బ్రిటనులో భవనములకు బిగించిన 26 చిన్నమరలను పరిశీలింపగా, వానిలో కొన్ని పుట్టించిన విద్యుత్తుకంటె తమ పరికరములకు వాడుకొన్నదే యెక్కువగా తేలెను. ఆ ధనముతో మిద్దెపై సౌరఫలకములను పరచుకొనుట మేలు.

చేతిమరకు తగిన చోటు బడిలోని ప్రయోగశాల. అరమీటరు చక్రము, చిన్న డైనమో, ఎదుట ఒక పంకా చాలును. అయస్కాంతము రాగిచుట్టయెదుట తిరిగిన విద్యుత్తు పుట్టునను మాట అచట కంటికి కనబడును. కొనుమరకు తగిన చోటు కరెంటు తీగ చేరని ఒంటరి పొలము. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండలపై పెద్ద గాలిమరలను నిలిపినది అచటి గాలిని ఎరిగియే. అట్టి ప్రాంతపు రైతైనను మరకు బయానా ఇచ్చుటకు ముందు, మర నిలుపదలచిన యెత్తునకే ఒక గడ పాతి, కొనయందు గాలివేగమును కొలుచు గిన్నెల పరికరమును బిగించి, ఏడాది పొడవున లెక్క వ్రాసికొనవలెను. ఏటి సగటు సెకనునకు 4, 5 మీటర్లకు చేరనిచో మర మాట మానవచ్చును. పాతిన గడ పందిరికి పనికివచ్చును.