మూతతో కొలిచే మందు

గద్వాల దగ్గర ఒక పల్లె. ఆ పక్క సీడు పత్తి చేలు ఎక్కువ. ఆడకూలీలు పొద్దుగాలనే చేనుకు పోతారు. వాళ్లలో ఒక అక్క ఉంది. చేను దగ్గర మరుగు లేదు. అందుకని ఆమె పగలంతా నీళ్లు తాగేది కాదు. దొడ్డికి వచ్చినా ఆపుకునేది.

మూడు నెలలు గడిచాయి. నాలుగు రోజులకు ఒకసారి దొడ్డికి అయ్యేది. అదీ గట్టిగా, ముక్కి ముక్కి. కడుపు ఉబ్బరం. అన్నం సయించదు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

దుకాణంలో గోలీలు తెచ్చుకుంది. ఒకటికి రెండు మింగింది. కడుపు మెలిపెట్టింది. విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజుల కూలీ పోయింది. తర్వాత మళ్లీ మామూలే.

ఆశా కార్యకర్త ఆమెను సర్కారు దవాఖానకు తోలుకపోయింది.

"ఇది సిగ్గుపడే సంగతి కాదమ్మా. దీన్ని మలబద్ధకం అంటారు" అన్నది డాక్టరమ్మ. రక్తం పడుతుందా, బరువు తగ్గావా, గర్భం ఉందా, వేరే మందులు వాడుతున్నావా అని అడిగింది. కడుపు నొక్కి చూసింది. లాక్టులోజ్ అనే సిరప్ రాసింది.

మందు ఎలా పని చేస్తుంది?

ఈ మందు తియ్యగా ఉంటుంది. కానీ ఒంటికి పట్టదు. పేగులోకి పోయి అక్కడికి నీళ్లు లాగుతుంది. మలం మెత్తబడుతుంది. ఇందుకు రెండు మూడు రోజులు పట్టవచ్చు. మొదట్లో కొంచెం గ్యాసు వస్తుంది.

మర్నాడు అక్కకు ఏమీ కాలేదు.

"రెండింతలు తాగుదునా?" అని ఆశాను అడిగింది.

"వద్దు వదినా. నీకు చదువు వచ్చింది గదా! చీటీ చదువు."

అక్క కూడబలుక్కుని చదివింది: "రాత్రి 15 మి.లీ." సీసా మూత మీద గీతలు చూసింది. 15 అంకె దొరికింది. అంతవరకు ఇంట్లో చెంచాతో పోసుకుంది. ఆ రాత్రి నుండి మూతతో కొలిచింది. మూడో రోజు పొద్దున కడుపు తేలికైంది.

గుర్తుంచుకోండి

• ఒకరికి రాసిన మందు ఇంకొకరు తాగరాదు. కొలత డాక్టరు చెప్పినంతే.
• విరేచనాలు అయితే మందు ఆపి డాక్టరుకు చెప్పండి.
• షుగర్ ఉంటే ముందే చెప్పండి.
• గర్భిణులు ఆముదం తాగరాదు.
• ఐరన్ గోలీలతో కొందరికి మలబద్ధకం వస్తుంది. గోలీలు మానకండి. నర్సమ్మను అడగండి.
• మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా వెంటనే దవాఖానకు పోండి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకుంటే ఆలస్యం చేయకండి. 108కి ఫోన్ చేయండి.

మందు ఒక్కటే చాలదు. నీళ్లు తాగాలి. జొన్న రొట్టె, ఆకుకూరలు, జామపండు తినాలి. వచ్చినప్పుడు ఆపుకోరాదు.

ఆపుకోకుండా ఉండాలంటే మరుగు కావాలి గదా! ఆడకూలీలంతా కలిసి చేను ఆసామిని అడిగారు. గట్టున నాలుగు కర్రలు పాతి పరదా కట్టించారు. తాగే నీళ్లకు బిందె పెట్టించారు. ఇప్పుడు అక్క పగలు కూడా నీళ్లు తాగుతుంది.

మాట్లాడుకోండి

1. అక్క నీళ్లు ఎందుకు తాగేది కాదు?
2. మందును మూతతోనే ఎందుకు కొలవాలి?
3. మీరు పని చేసే చోట ఆడవాళ్లకు మరుగు ఉందా? లేకుంటే ఎవరిని అడగాలి?