రేడియో మాటయు, కత్తి వ్రేటును

పత్రికలును, రేడియోయు, చలనచిత్రములును జనులలో హింసను పుట్టించునా, లేక లోకమందున్న హింసను చూపుట మాత్రమే చేయునా యను ప్రశ్న వక్తృత్వపు పోటీలలో తరచుగా వచ్చుచుండును. ఇరుపక్షములవారును బిగ్గరగా మాటలాడుదురే కాని యుదాహరణము చూపువారరుదు. కావున విద్యార్థులారా! ఒక్క దేశపు చరిత్రను గైకొని కొంత తీరికగా పరిశీలింతము.

ఆఫ్రికాఖండపు నడుమ రువాండా యను చిన్న దేశము కలదు. దానికి వేయి కొండల దేశమని పేరు. అచ్చట హుటూలు, టుట్సీలు అను వర్గములవారు ఒకే భాష మాటలాడుచు, ఒకే యూళ్లలో ఇరుగుపొరుగున నివసించుచుండిరి. బెల్జియము వారి పాలనలో, 1930వ దశకమున, ప్రతివాని గుర్తింపు చీటిపైనను వర్గము పేరు వ్రాయు పద్ధతి యేర్పడెను. ఆ చీటియే తరువాత దారికడ్డముగా కాపుండినవారి యెదుట ఎందరి ప్రాణములనో తీసెను.

1990లో అంతర్యుద్ధము మొదలయ్యెను. ఆ యేటి డిసెంబరులో ‘కంగూరా’ యను పత్రిక ‘హుటూల పది యాజ్ఞలు’ ప్రకటించెను. టుట్సీలతో పెండ్లియో వ్యాపారమో చేయు హుటూవాడు ద్రోహి యని వాని సారము. క్రైస్తవులే యధికముగా నున్న దేశములో పది యాజ్ఞలను పేరే యెంత పని చేసియుండునో యూహింపుడు!

పత్రిక చదువరులకే చేరును; రేడియో చదువురానివానికిని చేరును. 1993 జూలైలో వేయి కొండల పేరనే యొక స్వతంత్ర రేడియో ప్రసారములారంభించెను. ప్రభుత్వ రేడియో బిగువుగా మాటలాడునది. ఇదియో పాటలతో, హాస్యముతో, వీధి కబుర్లతో యువకులను చెంతకు తీసెను. పాటకును పాటకును నడుమ టుట్సీలను ‘ఇన్యెంజి’ యని పిలుచుచుండెను. అనగా బొద్దింకలు. మనుష్యుని నరుకుటకు చేయి వెనుదీయును; బొద్దింకను నలుపుటకు ఎవ్వడును వెనుదీయడు. ఆ రేడియో మొదట చేసిన పని పేరు మార్చుటయే.

1994 ఏప్రిలు 6వ తేదీ రాత్రి అధ్యక్షుడు హాబ్యారిమానా యెక్కిన విమానము కిగాలీ నగరము చెంత కూల్చబడెను. అటుపై హత్యాకాండ చెలరేగెను. ఇక రేడియో కబుర్లు మాని, మనుష్యుల పేర్లను, వారు దాగిన తావులను చదువసాగెను. సుమారు 100 దినములలో మడిసినవారు 5 లక్షలకు తక్కువ కారనియు, 8 లక్షలనియు, అంతకు మించియు లెక్కలు కలవు. వారిలో పెక్కండ్రు టుట్సీలు. చంపనొల్లని హుటూలును కొందరు కలరు.

అయినను నేరమంతయు రేడియోపై మోపుట న్యాయమా? యానగిజావా డ్రాట్ అను పండితుడు, కొండలడ్డుపడి రేడియో వినబడని యూళ్లను, వినబడిన యూళ్లతో పోల్చిచూచి, హింసలో పాల్గొనుటయందు సుమారు పదవ వంతు ఆ రేడియో ఫలమని 2014లో ప్రకటించెను. స్కాట్ స్ట్రాస్ అను మరియొకడు చెరసాలలో నున్న హంతకులనే ప్రశ్నింపగా, పెక్కండ్రు రేడియో మాట చెప్పక, ఊరి పెద్దల యొత్తిడిని, తోడివారి భయమును చెప్పిరి. ఈ రెండును పరస్పరవిరుద్ధములు కావని నా తలంపు. ఇల్లిల్లు తిరిగి పిలిచినవాడు ఊరివాడే. వానికి వెన్నుదన్నుగా నిలిచినది రేడియో.

అరూషా నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము 2003 డిసెంబరు 3న రేడియో స్థాపకులైన నహిమానా, బరయాగ్విజా లను, కంగూరా సంపాదకుడు ఙెజేను దోషులుగా నిర్ణయించెను. 2007లో అప్పీలుపై శిక్షలు తగ్గి, వరుసగా 30, 32, 35 సంవత్సరములయ్యెను. వీరిలో నహిమానా విశ్వవిద్యాలయమున చరిత్ర బోధించిన ఆచార్యుడు!

అదే దేశమున 2004లో ‘ముసెకెవెయా’ యను రేడియో నాటకము మొదలయ్యెను. కలహించు రెండు కొండయూళ్ల కథ యది. ఎలిజబెత్ పాలక్ అను విదుషి కొన్ని యూళ్లలో ఆ నాటకమును, మరికొన్నింట ఆరోగ్యమును గూర్చిన నాటకమును ఒక యేడు వినిపించి పరీక్షించెను. శ్రోతల సొంత నమ్మకములు అంతగా మారలేదు. ఏది తగును, ఏది తగదు అను భావము మాత్రము మారెను. తుదకు ఊరికొక రేడియోను బహూకరింపగా, ఆరోగ్య నాటకము విన్నవారు దానిని ఊరి యధికారి చేతికిత్తుమనిరి. కలహపు కథ విన్నవారో, ఎవరియొద్ద నుంచవలెనని తమలో తాము చాలసేపు వాదించుకొని, అందరిదిగా నుంచుకొందుమనిరి.