మందిరపు గోడలును యోవాషు పెట్టెయు
పాఠభాగము: 2 రాజులు 12:4-15, 2 దినవృత్తాంతములు 24:4-14



విజయనగరమునకు దక్షిణమున, సముద్రపుటొడ్డున, భీమునిపట్నములో పరిశుద్ధ పేతురు దేవాలయము కలదు. 1864లో అది ప్రతిష్ఠింపబడెను. ఆ రేవు 1825 వరకు డచ్చివారిది. వారి సమాధులలో పదునేడవ శతాబ్దపువి నేటికిని అక్కడ నిలిచియున్నవి. తరువాత వచ్చిన ఆంగ్లేయ ఉద్యోగులును వర్తకులును ఆరాధించుటకు ఈ దేవాలయము లేచినది. దాని రంగు అద్దముల కిటికీలను చూచుటకు దూరమునుండి జనులు వచ్చుచుందురు. మనము మాత్రము ఈ నెల గోడలను చూతము.

ఆ కాలమున ఇక్కడ సిమెంటు వాడుక సాధారణము కాదు. ఇటుకయు రాయియు గానుగసున్నముతోనే కట్టెడివారు. కెనడా బాప్తిస్టు మిషనెరీలు 1875లో సయామునుండి తెలుగు దేశమునకు వచ్చి, 1879లో బొబ్బిలిలో పని ప్రారంభించిరి. అట్టి పాత కాలపు మందిరములు మన ఊళ్లలో ఇంకను ఉన్నవి. సున్నపు గోడ వానకు తడిసినను ఎండకు ఆ తడిని మరల విడిచివేయును. దానిమీద సిమెంటు పూసినచో తడి లోపలనే చిక్కుకొనును. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ఆ తడితో గోడలో చేరి గడ్డకట్టి, ఇటుకను పిండిచేయును. పైకి గోడ నున్నగా కనబడును గనుక పెద్దలు సంతోషింతురు. నాలుగైదు వానకాలములు గడచిన పిమ్మట పూత పెచ్చులుగా ఊడును, ఇటుకయు దానితో రాలును.

యోవాషు దినములలో యాజకులు రూకలు పుచ్చుకొనుచుండిరి గాని, ఇరువదిమూడవ సంవత్సరమువరకు మందిరము బాగుకాలేదు. అప్పుడు యెహోయాదా పెట్టె మూతకు రంధ్రము చేసి బలిపీఠము దగ్గర ఉంచెను. రాజు లేఖికుడును ప్రధానయాజకుడును కలిసి ఆ రూకలను లెక్కించిరి. ఒక్కడే లెక్కింపలేదు. అవి వడ్రంగులకును కాసెపనివారికిని చేరెను. పనివారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదు.

ఆ రూకలతో వెండిపాత్రలు చేయింపలేదని రాజుల గ్రంథము చెప్పుచున్నది. చేయించిరని దినవృత్తాంతములు చెప్పుచున్నవి. ఇది విరోధమని కొందరందురు. దినవృత్తాంతములను నిదానముగా చదువుడి: పని ముగిసిన తరువాత మిగిలిన ధనముతో చేయించిరి. మన సంఘములలోనో, పైకప్పు కారుచుండగనే ముఖద్వారమునకు కొత్త కమాను లేచును, మైకులు వచ్చును! పేరు చెక్కించుటకు కమానుమీద స్థలముండును. కారుచున్న చోట ఉండదు.

కాబట్టి వానలకు ముందు, మే నెలలోనే, పెద్దలిద్దరు నిచ్చెన వేసికొని కప్పుమీదికి ఎక్కవలెను. పిట్టగోడలో రావిమొక్క యున్నదేమో చూడుడి. వేరు లోనికి పోకమునుపే తీయుడి. నీరు గోడ మొదట నిలువకుండ కాలువ తవ్వుడి. పూత రాలినచోట సున్నమే పూయుడి. సున్నపు పని తెలిసిన ముసలి మేస్త్రీ మీ ఊరిలోగాని పొరుగూరిలోగాని ఉన్నచో, ఆయనతోపాటు సంఘపు పడుచువారిని ఇద్దరిని పనిలో పెట్టుడి.